నవ్వుకు తాత్పర్యం

(మారతహళ్ళిలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదునారవ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయమనే ద్వ్యర్థి కావ్యాన్ని రచించాడు. ఒకే పద్యంలో రామాయణ కథా నడుస్తుంది, భారత కథా నడుస్తుంది. టీకా తాత్పర్యాలు లేనిదే ఆ రెండవ కథ అందరికీ అందదు. అందిన క్షణాన కలిగే ఆనందం చెప్పనలవి కానిది. వ్యాఖ్యానం ఉన్నంత మాత్రాన ఆ కావ్యపు సొగసు తరిగిపోలేదు. అయితే హాస్యం దగ్గరకు వచ్చేసరికి "విడమరిస్తే చప్పబడిపోతుంది" అనే మాట తరచుగా వినవస్తుంది. విజ్ఞానశాస్త్రంతో, గణితంతో ముడిపడిన హాస్యం విషయంలో ఈ మాట ఎంతవరకు నిజం? నేటి ప్రసంగానికి విషయం ఇదే.

మారతహళ్ళిలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన అవసరం ఉన్నది. వెలుపలి వలయ రహదారి వెంట సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలసిన తరువాత తెలుగు జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు చాలామంది. వారిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారూ ఉన్నారు. కార్యాలయంలో ఏదో బొమ్మ చూసి తోటివారందరూ నవ్వుతారు. సంగతి బోధపడకపోయినా పక్కవాడూ నవ్వుతాడు. అడిగితే చిన్నతనమని సంకోచం. ఆ ఉత్తుత్తి నవ్వు ఎంత బరువైనదో నవ్వినవారికే తెలుసు.

అటువంటి బొమ్మలలో ప్రసిద్ధమైనది "ఎక్స్‌కేసీడీ". అమెరికాలో భౌతికశాస్త్రం చదివి, నాసా వారి పరిశోధన కేంద్రంలో కొంతకాలం పనిచేసిన ర్యాండల్ మన్రో 2005లో దీనిని ఆరంభించాడు. మనుషులను పుల్లల వంటి గీతలతో గీస్తాడు. చిత్రకళ స్వల్పం, చదువు అధికం. ఆయన హాస్యంలో నాలుగింటిని ఇక్కడ పరిశీలించవచ్చు.

మొదటిది పాఠశాలకు సంబంధించినదే. 2007లో వెలువడినది. పాఠశాలవారు ఒక తల్లికి ఫోను చేసి, మీ అబ్బాయికి నిజంగా ఈ పేరే పెట్టారా అని అడుగుతారు. ఆ పేరులో అక్షరాల తరువాత ఉల్లేఖన చిహ్నం, కుండలీకరణం, ఆపై విద్యార్థుల పట్టికను తొలగించమనే కంప్యూటరు ఆజ్ఞ ఉంటాయి. పేరును నమోదు చేయగానే ఆ ఏటి విద్యార్థుల వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇకనైనా లోపలికి వచ్చే సమాచారాన్ని శుభ్రపరచి తీసుకోవడం నేర్చుకోండని తల్లి హితవు చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దీనికి వెంటనే నవ్వుతాడు. ఊరిలో ఉన్న అతని తల్లికి ఎలా చెప్పాలి? పిల్లల పేర్లను చీటీలపై వ్రాసి ఇస్తే బడి జవాను వాటిని గట్టిగా చదువుతున్నాడనుకోండి. ఒక చీటీలో "రాము. ఇక అందరూ ఇళ్ళకు పోవచ్చును" అని ఉన్నది. ఎక్కడ పేరు ముగిసినదో, ఎక్కడ ఆజ్ఞ మొదలైనదో చూడక జవాను అంతా చదివేశాడు. పిల్లలు సంచులు తగిలించుకుని వెళ్ళిపోయారు. పేరును పేరుగానే స్వీకరించాలి, ఆజ్ఞగా పాటించరాదు. కంప్యూటరు భద్రతలోని ఒక ముఖ్యసూత్రం ఇంతే. ఇప్పుడు ఆ తల్లి కూడా నవ్వగలదు. కుమారుడు ప్రతిదినం చేసే పనిలో ఒక ముక్క ఆమెకు బోధపడినది కూడా.

రెండవది 2009 నాటిది. పెళ్ళికూతురికి ఒకడు గీతపటం చూపిస్తాడు. నిన్న భర్తల సంఖ్య సున్న, నేడు ఒకటి. ఈ లెక్కన వచ్చే నెలాఖరుకు నాలుగు డజన్లమంది అవుతారు! గణితంలో దీనిని బహిర్వేశనం అంటారు. తెలిసిన అంకెల గీతను తెలియని కాలానికి పొడిగించడం. రెండే బిందువులను కలిపి ఎంత దూరమైనా గీత గీయవచ్చును, కాని లోకం ఆ గీత వెంట నడవాలన్న నియమం లేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న పెద్దలకు ఈ హాస్యం కొత్తది కాదు. రెండు నెలల పరీక్షల మార్కులు చూసి పిల్లవాడి జీవితమంతా నిర్ణయించే తల్లిదండ్రులు ఈ గీతపటాన్ని ఒకసారి చూడవలసి ఉన్నది.

మూడవది కూడా 2009 నాటిదే. రెండు విషయాలు కలిసి కనిపిస్తే ఒకటి రెండవదానికి కారణమని పూర్వం అనుకునేవాడినని, గణాంకశాస్త్రం తరగతికి వెళ్ళిన తరువాత అలా అనుకోవడం మానివేశానని ఒకడు చెబుతాడు. అయితే తరగతి ఉపయోగపడినదన్నమాట, అంటుంది స్నేహితురాలు. కావచ్చునేమో, అని అతని జవాబు. చమత్కారం ఆ జవాబులోనే ఉన్నది. తరగతి ముందు, మార్పు తరువాత. అంతమాత్రాన తరగతియే కారణమని తేల్చలేము కదా! సహసంబంధం కార్యకారణ సంబంధం కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దానిని కాకతాళీయమన్నారు. ఉత్తీర్ణత శాతం పెరిగిన ప్రతి సంవత్సరం తమ నూతన విధానమే కారణమని ప్రకటించుకునే పాఠశాలలను కూడా ఈ హాస్యం మృదువుగా గిల్లుతుంది. ప్లాటినం జూబిలీ వేళ ఆ గిల్లుడు ఆరోగ్యకరం.

నాలుగవది 2011 నాటిది. రంగురంగుల జెల్లీ మిఠాయిల వలన మొటిమలు వస్తాయా అని శాస్త్రవేత్తలను పరీక్షించమంటారు. సంబంధం లేదని తేలుతుంది. ఏదో ఒక రంగువి మాత్రమే కారణమేమో అంటారు. 20 రంగులను విడివిడిగా పరీక్షిస్తారు. 19 రంగులకు సంబంధం కనబడదు. ఆకుపచ్చకు కనబడుతుంది. మరునాడు పత్రికలో ఆకుపచ్చ మిఠాయిపై పెద్ద శీర్షిక! ఒక్కొక్క పరీక్షలో కేవలం యాదృచ్ఛికంగా తప్పు ఫలితం వచ్చే అవకాశం నూటికి 5 అనుకుంటే, 20 పరీక్షలలో కనీసం ఒక్కటైనా అలా తప్పే అవకాశం సుమారు నూటికి 64. ఆ పత్రిక మిగిలిన 19 పరీక్షలను మరుగుపరచినది. ఆహారం గురించి, ఔషధాల గురించి ప్రతిదినం చేతి ఫోనులోకి వచ్చే వార్తలను నమ్మేముందు "ఎన్ని పరీక్షలలో ఇది ఒకటి?" అని అడగడం నేర్పే పాఠం ఇది.

ఈ నాలుగింటిని విడమరిచిన తరువాత వాటి రుచి తగ్గినదా? పాతవారి మొదటి నవ్వు కొంత తగ్గి ఉండవచ్చు. కాని అంతవరకు వాకిలి బయట నిలిచినవారు లోపలికి వచ్చారు. ఆ లాభం ముందు ఈ నష్టం స్వల్పం. పైగా, విడమరచి చెప్పబోయినప్పుడే చెప్పేవానికి తన జ్ఞానం లోతు తెలుస్తుంది. ఆంగ్లపదాలను వల్లించి నవ్వడం సులభం. అదే సంగతిని తెలుగులో అమ్మమ్మకు చెప్పి నవ్వించగలిగిన విద్యార్థికి ఆ సూత్రం నిజంగా వచ్చినట్లే.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఫోను చూసి తనలో తాను నవ్వుకుంటుంటే కసరవద్దు. "ఏమిటి నాయనా, మాకూ చెప్పు" అని పక్కన కూర్చోండి. మీకు తెలియదన్న విషయం దాచవద్దు. తెలియదని పెద్దలు ధైర్యంగా అంటేనే పిల్లలు తరగతిలో ఆ మాట అనగలుగుతారు. అర్థం కాకుండా నవ్వే అలవాటు, అర్థం కాకుండా తల ఊపే అలవాటు కవల పిల్లలు.

ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు ఒక సూచన. మన్రో తన బొమ్మలను, రచయిత పేరు పేర్కొని, వ్యాపార ప్రయోజనం లేకుండా పునర్ముద్రించుకోవడానికి అనుమతి ఇచ్చాడు. పాఠశాల గోడపత్రికలో వారానికి ఒక బొమ్మను అంటించవచ్చు. దాని కింద నాలుగు పంక్తుల తెలుగు తాత్పర్యం ఉండాలి. వ్రాసేది విద్యార్థి కావాలి. సందేహం వస్తే సమాధానం చెప్పే బాధ్యతను మారతహళ్ళిలో ఉన్న అన్నలు, అక్కలు స్వీకరించాలి. అర్థమై నవ్వే నవ్వును ప్రతి బిడ్డకూ అందించడం కంటె ఈ ఉత్సవానికి తగిన కానుక మరొకటి ఉండదు.

స్వస్తి.