తూకము చెప్పని సంగతి

ఖిలా వరంగల్లున మట్టికోట దాటి, రాతికోటలోనికి వచ్చి, నాలుగు కీర్తితోరణములను చూచినవారికి చేరువనే ఏకశిల గుట్ట కనిపించును. పడుచుతనమున ఆ గుట్టను ఒక్క ఊపున ఎక్కినవారు ముదిమిలో నడిమిదారినే చతికిలబడి, "తూకమైతే పదేండ్ల సంది గంతే ఉన్నది, మరి కాళ్లెందుకు ఆడుతలేవు?" అని అడుగుట కలదు. ప్రశ్న న్యాయమైనదే. నేడు దానినే విచారింతము.

తూకపుయంత్రము మొత్తమును చెప్పును గాని పాళ్లను చెప్పజాలదు. వయసు మీరినకొలది కండ తరుగును. దాని చోటును కొవ్వు ఆక్రమించును. ముల్లు కదలదు, బలము మాత్రము జారిపోవును. ఈ తరుగుదలకు 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 'సార్కోపీనియా' అని పేరిడెను.

ఆ పాళ్లను అంచనా కట్టు సులభసాధనము బయోఎలక్ట్రికల్ ఇంపిడెన్స్ పరీక్ష. చేతికిని పాదమునకును పట్టీలంటించి, మిల్లీ ఆంపియరునకు లోపైన విద్యుత్తును, సాధారణముగా 50 కిలోహెర్ట్‌జ్ వేగమున పంపుదురు. అది మనకు తెలియను కూడ తెలియదు. నీరును లవణములును గల కండలో విద్యుత్తు సులువుగా సాగును. కొవ్వు దానిని అడ్డగించును. ఆ అడ్డంకినిబట్టి, ఎత్తునుబట్టి, శరీరమందలి నీటిని గణింతురు. కొవ్వు కాని భాగమున నీరు నూటికి 73 పాళ్లని యెంచి, మిగిలిన లెక్క తేల్చుదురు.

అనగా యంత్రము కొలుచునది అడ్డంకిని మాత్రమే, తక్కినదంతయు గణితము. వృద్ధులయెడ చిక్కు ఇచటనే కలదు. గుండెజబ్బువలననో మూత్రపిండముల జబ్బువలననో కాళ్లు వాచినచో ఆ నీరు కండగా లెక్కకు వచ్చును. మన వేసవిలో ఒడలెండినచో లేని కొవ్వు కనిపించును. పడుచువారిపై కట్టిన సూత్రము పెద్దలకును, పరదేశీయులపై కట్టినది మనకును సరిపడదు. కావున ఒక్కమారు వచ్చిన అంకెకు పొంగవలదు, క్రుంగవలదు. భోజనమునకు ముందు, మూత్రవిసర్జన చేసి, కొంత విశ్రమించి, అదే యంత్రముపై అదే వేళకు మరల కొలిపించుకొనవలెను. గుండెలో పేస్‌మేకరున్నవారు ఈ పరీక్షకు పోరాదు.

యంత్రము లేనిచో కుర్చీ చాలును. చేతులు ఎదపై కట్టుకొని అయిదుమార్లు లేచి కూర్చుండుడు. 12 సెకండ్లు గాని, అంతకు మించి గాని పట్టినచో వైద్యుని సంప్రదింపవలెనని 2019 నాటి ఆసియా నిపుణుల నిర్ణయము.

పోయిన బలము కొంత మరల రాబట్టవచ్చును. రోజును కొంత నడక, కండలకు పని కల్పించు వ్యాయామము, చాలినంత మాంసకృత్తులు కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో కిలో బరువునకు 0.83 గ్రాముల మాంసకృత్తులను నిర్ణయించెను. 60 కిలోలవారికి దినమునకు 50 గ్రాములు. పప్పు, పెరుగు, గ్రుడ్డు మన యింటిలోనివే. పెద్దవారికి ఇంత చారన్నము చాలునని మనము తలచుటయే పొరపాటు. ఈ రాత్రి వారి విస్తరిని ఒక్కమారు చూడుడు.