నీటి దానం: మోటారా, ట్యాంకా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

నీళ్లు ఇవ్వడం సదఖయె జారియా అని మనందరికీ తెలుసు. అంటే ఇచ్చినవాళ్లు పోయినా పుణ్యం ఆగని దానం. కానీ మోటారు ఆగితే? నేను పనిచేసిన ఒక డెల్టా ఊరి బడికి ఓ దాత మోటారు ఇచ్చారు. నీళ్లు నేరుగా కుళాయిల్లోకే వచ్చేవి. మధ్యాహ్నం కరెంటు పోతే పిల్లలు ఎంగిలి కంచాలతో నిలబడేవారు. తర్వాత మోటారు కాలిపోయింది. బాగుచేయించే డబ్బు ఎవరి దగ్గరా లేదు. దాత పేరున్న రాయి మాత్రం మిగిలింది.

మన నేల ఏం చెబుతోందో చూడండి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల నీరు పల్లానికి తనంతట తానే పారుతోంది. పట్టిసీమలో గోదావరి నీటిని 24 పంపులతో ఎత్తి కాలువలో పోస్తారు. అక్కడి నుంచి కృష్ణ దాకా అది పల్లానికే వస్తుంది. ఒక్కసారి ఎత్తడం, ఆపైన పల్లానికి వదలడం. మనకూ అదే పద్ధతి.

డెల్టా బల్లపరుపు నేల. ఎత్తు లేనిదే కుళాయికి ఒత్తిడి రాదు. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. ఇది ట్యాంకు ఎత్తును బట్టే గాని, పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కాదు. మన విజయవాడ కొండవాలు ఇళ్లవాళ్లకు ఇది అనుభవమే. కింది వీధిలో ధార, పై మెట్ల దగ్గర చుక్క.

2,000 లీటర్లను 15 మీటర్లు ఎత్తడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఆ తర్వాత కరెంటు పోయినా వజూకు, వంటకు నీళ్లుంటాయి. పైపు సన్నం చేసి మిగుల్చుకోవద్దు. వ్యాసం సగమైతే, అంతే నీటికి రాపిడి నష్టం దాదాపు 30 రెట్లు. మునిసిపల్ కుళాయికి నేరుగా మోటారు అసలే తగిలించవద్దు. పైపుల అతుకుల్లోంచి మురుగును కూడా అది లాగేస్తుంది.

దాతలకు నా మనవి ఒక్కటే. మోటారుతో పాటు ఎత్తు మీద ట్యాంకు ఇవ్వండి. ఇచ్చే సొమ్ములో కొంత కరెంటు బిల్లుకు, మరమ్మతుకు విడిగా ఉంచండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో ముందే తేల్చండి. రాయి మీద పేరు కన్నా కుళాయిలో నీరు ఎక్కువ కాలం ఉండాలి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.