వెండ్రుకలు రాలిన దినములు
(గ్రంథాలయ రజతోత్సవ మహిళాసభలో చేసిన ప్రసంగపాఠము)



స్త్రీల పఠనాభిరుచిని గూర్చి మాటలాడవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఒప్పుకొంటిని. కాని కాగితము ముందు పెట్టుకొని కూర్చుండగా కలము సాగలేదు. వారమునకు రెండుసార్లు వచ్చి నవలలు తీసికొనిపోవు మా అక్క కొన్ని నెలలపాటు ఈ గడప త్రొక్కకుండుటకు గల కారణమే మనస్సులో మెదలినది. ఆమె అనుమతి గైకొని దానినే చెప్పుచున్నాను. ఇది ఆడువారి ముచ్చటయని పురుషులు లేచిపోవలదు.

మా అక్కకు రొమ్ములో గడ్డ కనబడినది. పరీక్షలలో క్యాన్సరని తేలినది. శస్త్రచికిత్స జరిగినది. పిమ్మట మూడు వారములకొకసారి సెలైనుతో మందు ఎక్కింపవలెననిరి. దానినే కీమోథెరపీ యందురు. అక్క కత్తికి భయపడలేదు. "జుట్టు రాలుతుందమ్మా" అని నర్సు చెప్పగానే ఆమె ముఖము వాడిపోయినది.

దీనికి నవ్వవలదు. మన నాయనమ్మల కాలమున కొన్ని కుటుంబములలో భర్త పోయిన స్త్రీకి తల గొరిగించెడివారు. ఆ దురాచారము పోయినను దాని నీడ పోలేదు. తిరుమలలో మ్రొక్కు దీర్చుకొని వచ్చిన స్త్రీ గుండును చూచి చేతులు జోడింతుము. రోగమువలన జుట్టు పోయిన స్త్రీని చూచి ముఖము త్రిప్పుకొందుము.

జుట్టు రాలుట ఎందుచేత? మన తలపై వెండ్రుకలలో నూటికి సుమారు 90 ఎల్లప్పుడును పెరుగుచుండును. వాని మూలములందలి కణములు అతివేగముగా విభజన చెందును. క్యాన్సరు కణముల లక్షణమును అదియే. ఆ వేగమును బట్టి కొట్టు మందునకు ఇది పైరు, ఇది కలుపు అను వివేకము లేదు. ఐనను వెండ్రుకల మూలములు సామాన్యముగా దెబ్బతినునే గాని చావవు. కావుననే చికిత్స ముగిసిన పిదప దాదాపు అందరికిని జుట్టు మరల మొలచును. అన్ని మందులును ఇట్లు చేయవు. డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందు, పాక్లిటాక్సెల్ మున్నగునవి జుట్టును మిక్కిలి రాల్చును, కొన్నిటివలన పలుచబడును, కొన్నిటివలన ఏమియు గాదు. జుట్టు రాలనివారు మందు పనిచేయుట లేదని దిగులుపడవలదు.

ఈ వైద్యమునకు తెలుగువాని చేయి తోడైనదని ఈ సభలో చెప్పుట యుక్తము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపిరి. అచ్చట తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ నెత్తుటి క్యాన్సరు గల పిల్లలకిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. సుబ్బారావుగారి చిత్రపటము మన పఠనమందిరమున లేదు, కార్యదర్శిగారు గమనింతురుగాక.

మొదటి మందు ఎక్కిన పదునేడవనాటి ఉదయమున అక్క దిండుపై గుప్పెడు వెండ్రుకలు కనబడినవి. దువ్వెన తాకిన తల నొప్పి. సామాన్యముగా రెండు మూడు వారములకే ఇది ఆరంభమగును. ఆ దినమున కుళాయికడ నొకామె, "అయ్యో, ఇదేం ఖర్మమమ్మా! ఇక పేరంటాలకు పిలిచేదెట్లా?" అన్నదట. చెడ్డ మనస్సుతో అన్నదికాదు. అక్క యింటికి వచ్చి తలుపు వేసికొన్నది. రెండవ మందుకు పోనన్నది. "చస్తే జుట్టుతోనే చస్తాను" అన్నది. నేను వైద్యుని మాటలు చెప్పితిని, శాస్త్రము చెప్పితిని, కోపపడితిని. ఏదియు పారలేదు.

మా బావగారు యౌవనమున నాటకములాడినవారు. మూడవనాడు తలుపుకడ నిలిచి, "నీ జడకంటే పొడుగు జడ పెట్టుకొని నేను సత్యభామ వేషం కట్టినాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. నీకు విగ్గు పెట్టుకొనడానికి సిగ్గా?" అనిరి. లోపలినుండి నవ్వు వినబడినది. రెండవ మందు తప్పలేదు.

విగ్గు కొనుటలో మేము చేసిన తప్పులను చెప్పెదను. జుట్టు రాలిన పిదప పోయితిమి. ముందే పోయినచో రంగును, ఒత్తును దుకాణదారుడు కంటితో చూచి సరిపోల్చును; కనీసము ఫొటోయైనను వెంటనుండవలెను. ఆశకొద్ది నల్లనిది, ఒత్తుగా నున్నది తీసికొంటిమి. చెంపలు నెరసిన ముఖమునకు అది రంగస్థలపు వేషమువలె నుండెను. మరల పోయి పలుచనిది, అచ్చటచ్చట నెరసినది తెచ్చితిమి. తలకొలతను టేపుతో నుదుటి పైభాగమునుండి చెవులమీదుగా మెడ వెనుకకు చుట్టి తీయవలెను. జుట్టు పోయిన పిదప తల కొంచెము చిన్నదగును. కావున బిగించుకొను పట్టీలున్నది మేలు.

కృత్రిమపు నారతో చేసినది తేలికగా నుండును, వెల తక్కువ, కడిగినను ఆకారము చెడదు. కాని వేడికి ఓర్వదు. పొయ్యి కడను, కాగిన నూనె కడను, కుక్కరు మూత తీయునపుడును అది తలపై నుండరాదు. ముంగురులు కరగి ముడుచుకొనును. మనుష్యుల వెండ్రుకలతో చేసినదానికి వెల పలురెట్లు, సంరక్షణయు ఎక్కువ. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుదురు. అట్టి వెండ్రుకలు విగ్గులగుచున్నవి. ఒకరి మ్రొక్కు మరియొకరి తలకు నీడయగుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. మా స్తోమతకు నారదే చాలినది. లోపల పలుచని నూలుటోపీ పెట్టుకొన్న ఒరిపిడి యుండదు.

మరియొక జాగ్రత్త. మిగిలిన జుట్టును తీసివేయదలచినవారు మంగలికత్తి జోలికి పోరాదు. మందువలన నెత్తుటిలోని తెల్లకణములు తగ్గును. చిన్న గాటునుండియు చీము పట్టవచ్చును. యంత్రముతో పొట్టిగా కత్తిరించుకొనుట మంచిది. కనుబొమలు, రెప్పవెండ్రుకలు సైతము రాలవచ్చునని ముందే తెలిసియుండవలెను. కొన్ని ఆసుపత్రులలో మందు ఎక్కునపుడు తలకు చల్లని టోపీ తొడిగి కొంతవరకు జుట్టును కాపాడుదురు. అందరికిని తగదు, అందరికిని ఫలింపదు, అడిగి చూడవచ్చును.

ఇంత చేసి తెచ్చిన విగ్గును అక్క పట్టుమని పదిసార్లు పెట్టుకొన్నదో లేదో! మేనకోడలి పెండ్లికి, ఆసుపత్రికి. మన వేసవిలో దానిని భరించుట సులభము కాదు. ఇంట నూలుగుడ్డ చుట్టుకొనెడిది. కడపటి మందైన రెండు నెలలకు తలపై నూగు వచ్చినది. నిటారుగా నుండెడి జుట్టు ఉంగరములు తిరిగి మొలచినది. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగును గావున జడ ఇంకను దూరమే.

ఆ నూగుతో, గుడ్డయైనను లేక, ఒక సాయంకాలము ఆమె మన గ్రంథాలయమునకు వచ్చినది. అచ్చట నున్న కుర్రవాడు తల వంక చూడక, "అత్తయ్యా, మీ దగ్గర రెండు పుస్తకాలు ఉండిపోయినాయి" అని రిజిస్టరు తీసినాడు. అక్క ఆలస్యపు రుసుము చెల్లించి, మరి రెండు నవలలు తీసికొని సంతకము పెట్టినది.

ఆ విగ్గును శుభ్రముగా కడిగి, ఆరవేసి, మా యింట అట్టపెట్టెలో నుంచితిమి. కొలత టేపును, రెండు నూలుటోపీలును అందేయున్నవి. కావలసినవారు ఏ సాయంకాలమైనను పెరటి గుమ్మమున రావచ్చును. ఎవరికొరకని మేమడుగము.