అమ్మాయి మాత్రలు వాడుతుంటే మనసును కూడా గమనించండి

వార్డులో మీ వాళ్లకు తోడుగా వచ్చిన అమ్మలతో, అత్తగార్లతో, నాన్నలతో ఈ రోజు ఒక విషయం మాట్లాడాలి. ఇళ్లలో సిగ్గుపడి దాటవేసే విషయం కాబట్టే ఇక్కడ చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి తన 19 ఏళ్ల కూతుర్ని మా దగ్గరకు తీసుకొచ్చింది. పెళ్లయి ఏడాది కాలేదు. "సిస్టరుగారూ, పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదు. అన్నం సయించదు, ఊరికే ఏడుస్తోంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం" అంది. తల్లిని బయట కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి. భర్త మెడికల్ షాపులో తెచ్చిన గర్భనిరోధక మాత్రలు రెండు నెలలుగా వేసుకుంటోందట. డాక్టరుగారు పరీక్షించి ఆ మాత్రలు మాన్పించి వేరే పద్ధతి చెప్పారు. కొన్ని వారాలకు తేరుకుంది. అదంతా మాత్ర వల్లేనని నేను ఖచ్చితంగా చెప్పలేను. కానీ తాయెత్తు కట్టించినవాళ్లలో ఒక్కరూ "ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడగలేదు.

మాత్రకూ మనసుకూ సంబంధం ఏమిటి అంటారా? ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక ఒళ్లు త్వరగా ఎదుగుతుంది. మెదడు అంత త్వరగా ఎదగదు. నుదుటి వెనక ఉండే భాగం, అంటే మంచిచెడ్డలు ఆలోచించే, కోపాన్నీ దుఃఖాన్నీ అదుపు చేసే భాగం, సుమారు 25 ఏళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. అండాశయంలో పుట్టే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు ఈ మెదడు మీద కూడా పనిచేస్తాయి.

మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఆ హార్మోన్లు రక్తంలో కలిసి మెదడుకు చేరి "ఇక చాలు" అన్నట్టు కబురు చెబుతాయి. అప్పుడు మెదడు అండాశయాన్ని పురికొల్పడం మానేస్తుంది. అండం విడుదల కాదు. అంటే ఈ మాత్ర ముఖ్యంగా మెదడు ద్వారానే పనిచేస్తుంది. అందుకే కొందరిలో మనసు మీద కూడా ప్రభావం కనిపించవచ్చు.

డెన్మార్క్ దేశంలో 10 లక్షలకు పైగా స్త్రీల వివరాలు పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో రెండు హార్మోన్లున్న మాత్రలు వాడినవారు, వాడనివారికన్నా 1.8 రెట్లు ఎక్కువగా దిగులుకు మందులు మొదలుపెట్టారు. పెద్ద వయసు వాళ్లలో తేడా ఇంత లేదు. అయితే కారణం మాత్రేనని ఇలాంటి లెక్కలు రుజువు చేయలేవు. వాడిన అమ్మాయిల్లో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ రాలేదు. ఎదిగే మెదడులో శాశ్వతమైన మార్పు వస్తుందా అన్నది ఇంకా తేలలేదు.

ఇది విని భయపడి మాత్రలు పారేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 100కి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. చిన్న వయసు కాన్పులో రక్తహీనత, బీపీ, గుర్రపు వాతం ప్రాణం మీదికి తెస్తాయి. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకపోవడం మొదటి రక్షణ. పెళ్లయిన పిల్లకు కాన్పు వాయిదా వేయడం రెండో రక్షణ.

మీరు చేయవలసినవి:

1. డాక్టరుకు చూపించకుండా మాత్రలు మొదలుపెట్టవద్దు. కాలిలో రక్తం గడ్డ కట్టడం, బీపీ, ఒంటి వైపు తలనొప్పి, టీబీ మందులు, మూర్ఛ మందులు ఉంటే తప్పక చెప్పండి.

2. ఇంతకుముందు దిగులు జబ్బు ఉంటే దాచవద్దు.

3. మొదటి మూడు నెలలు గమనించండి. ఊరికే ఏడవడం, నిద్ర తగ్గడం, చిరాకు, చదువు మీదా పని మీదా ధ్యాస పోవడం కనిపిస్తే పొగరనో, గాలి అనో అనుకోక తీసుకురండి.

4. మాత్ర ఆపితే రక్షణ కూడా ఆగిపోతుంది. వేరే పద్ధతి కుదిరేదాకా నిరోధ్ వాడాలి. కాపర్-టి, ఛాయా మాత్రల్లో హార్మోన్లు లేవు.

5. అంతర ఇంజెక్షన్ మూడు నెలలు పనిచేస్తుంది. ఒకసారి వేశాక వెనక్కి తీయలేం. ముందే అన్నీ అడగండి.

6. పట్టిసీమ శివరాత్రి తీర్థానికో, పెళ్లికో నెలసరి వాయిదా వేసే మాత్రలు కూడా హార్మోన్లే. ఆడపిల్లలకు మీ అంతట మీరు కొనివ్వవద్దు. అవి గర్భాన్ని ఆపుతాయని నమ్మవద్దు.

"చచ్చిపోవాలనుంది" అని పిల్ల ఒక్కసారి అన్నా తెల్లారేదాకా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అమ్మల్లారా, ఈ రాత్రి ఇంటికి వెళ్లి కూతురినో కోడలినో పక్కన కూర్చోబెట్టుకోండి. "మాత్ర వేసుకున్నావా?" అని అడిగే నోటితోనే "మనసెలా ఉందమ్మా?" అని కూడా అడగండి.