తుపాకి గొట్టములోని చాళ్లు

బొంగరము తిరుగుచున్నంతసేపే నిలుచును. తిరుగుట మానగానే ఒరిగిపోవును. నేడు నేను ముచ్చటింపదలచిన రైఫిలు తుపాకి మర్మమును ఇదియే. గొట్టము లోపల మరచుట్టువలె చాళ్లు తీసినచో, గుండు వానిని ఒరసికొని గిరగిర తిరుగుచు వెలువడి, దూరపు గురిని సయితము తాకును.

ఈ సంగతిని ఐరోపా వేటగాండ్రు 16వ శతాబ్దమునందే యెరుగుదురు. అయినను సైన్యములు చిరకాలము దీనిని విరివిగా గైకొనలేదు. ఏలయన, చాళ్లకు బిగువుగా నుండు గుండును మూతినుండి దట్టించుటకు చాలసేపు పట్టెడిది. 1849లో ఫ్రెంచి సైనికోద్యోగి మినియే ఈ చిక్కును విడదీసెను. ఆయన చేసిన కోలగుండు వదులుగా లోనికి జారును. మందు పేలగానే దాని బోలు అడుగు విచ్చుకొని చాళ్లను పట్టుకొనును.

ఈ పద్ధతి ననుసరించిన 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి మన దేశమునకును వచ్చెను. గుండు సులభముగా దిగుటకై దాని తూటా కాగితమునకు కొవ్వు పూసెడివారు. సిపాయి ఆ కాగితమును పంటితో కొరికి చింపవలెను. అది ఆవుకొవ్వనియు, పందికొవ్వనియు అనుమానము ప్రబలెను. 1857 తిరుగుబాటునకు హేతువులు పెక్కు గలవు. కాని నిప్పురవ్వ యిదియే.

తుపాకి చేసినవారు గుండు నడకను చక్కగా లెక్కించిరి. దానిని చేతబట్టు మనుష్యుని మనస్సును మాత్రము లెక్కింపరైరి.