పక్షవాతం తర్వాత మాట: మా ఇంటి అనుభవం

(ముస్తాబాద్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. జీవితమంతా ఫైళ్ళ మీద నోట్లు రాసిన గుమాస్తాను. అయినా ఇంట్లో నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు అడిగినారు.

2019లో దసరా పోయిన వారానికి నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. మూడు నెలలకు కర్ర పట్టుకొని నడిచింది. మాట మాత్రం రాలేదు. ఏది అడిగినా "అదే... అదే" అనేది. ఒకనాడు పప్పు గిన్నె చూపిస్తూ "చక్కెర, చక్కెర" అన్నది. నేను నిజంగానే చక్కెర వేసిన. గిన్నె నెట్టేసి ఏడ్చింది. ఆమెకు కావలసింది ఉప్పు!

చూడవచ్చిన చుట్టాలు "పాపం, తెలివి పోయినట్లున్నది" అని ఆమె ముందరనే అనేవారు. ఆమె విని గోడ దిక్కు తిరిగేది.

దీనిని అఫేసియా అంటారని హైదరాబాదులో స్పీచ్ థెరపిస్టు చెప్పింది. చాలామందికి మాటలను నడిపించే భాగం మెదడులో ఎడమ ప్రక్కన ఉంటుంది. అక్కడ రక్తం అందక దెబ్బ తింటే మాట దొరకదు. కొందరికి ఎదుటివారు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది గాని తాము పలుకలేరు. మరికొందరు గడగడా మాట్లాడుతారు గాని అందులో అర్థం ఉండదు. 1861లో ఫ్రాన్సు వైద్యుడు పాల్ బ్రోకా చూసిన ఒక రోగి ఏండ్ల తరబడి "టాన్" అన్న శబ్దమే పలికేవాడట. అతను చనిపోయిన తర్వాత మెదడులో ఎడమ వైపు ముందు భాగం చెడిపోయినట్లు బ్రోకా చూపించినాడు. నాలుక, పెదవులు బలహీనపడి మాట ముద్దగా రావటం వేరే సంగతి, దాని సాధన వేరు.

మన నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి తోటివారు 608 మంది పక్షవాత రోగుల వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించినారు. ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒక్క భాషే వచ్చినవారిలో 19.6 శాతానికే నిలిచింది. అఫేసియా మాత్రం రెండు వర్గాలలోనూ ఇంచుమించు సమానమే. తెలుగుతోపాటు ఉర్దూ వచ్చిన మన పెద్దలు కొంత సంతోషించవచ్చు. నాకు దీనిలో కనిపించింది, మాట ఒక ఖాతా, ఆలోచన ఇంకొక ఖాతా అని.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. నేను సీటులో ఉన్న రోజుల్లో ఒక ముసలాయనను కొడుకు తీసుకొచ్చినాడు. ఆయనకు మాట లేదు. ఎడమ చేత్తో నా టేబులు మీద కొట్టి కాగితం చూపించినాడు. "మీ నాయనకు మతి సరిగ్గ లేనట్లుంది, డాక్టరు సర్టిఫికెట్ తీసుకరాపో" అని పంపేసిన. రెండు నెలలు తిరిగినారు. ఆ కాగితంలో తేదీ తప్పు పడ్డదని ఆయన చూపించినట్లు తర్వాత తెలిసింది. 2020లో ఒక కౌంటరు దగ్గర, నా భార్యను చూసి నాతో అదే మాట అన్నారు. ఏమని కోపగించుకుంటాను? ఆమె నన్ను పక్కకు జరిపి, ఎడమ చేత్తో అయిదు నిమిషాలు తీసుకొని సంతకం చేసింది.

థెరపీ అంటే నాలుక మీద మందు రాయటం అనుకున్నాను. అది కాదు. ముందుగా మింగుడు సరిగా ఉన్నదా అని చూసినారు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తర్వాత బొమ్మలు చూపి పేర్లు చెప్పించటం. మొదటి అక్షరం "నీ..." అని అందిస్తే "నీళ్ళు" అనేది. ఒకటి, రెండు అని మొదలుపెడితే పది దాకా పోయేది. వారాల పేర్లూ అంతే. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళతో కలిసి పాట అందుకున్నది, మేమంతా బిత్తరపోయినం. కాని పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్లు కాదట. రాగం నుండి మాటకు తీసుకురావటానికి వేరే సాధన ఉన్నది.

అసలు పాఠం నాకే చెప్పినారు. టీవీ బంద్ చేయాలె. ఒకసారి ఒక్కటే అడగాలె. "చాయనా, పాలా?" అని చూపించి అడగాలె. తర్వాత నోరు మూసుకొని ఆగాలె. ఈ ఆగటమే నాకు అన్నిటికన్న కష్టమైంది. మనుమరాలు మాత్రం "తాతా, నువ్వు చెప్పకు, బాపమ్మనే చెప్తది" అని నా నోటికి చేయి అడ్డం పెట్టేది.

మొదటి నెలల్లో మెరుగు త్వరగా కనిపిస్తుంది, తర్వాత నిదానం. ఆగిపోదు. మేము మూడుసార్లు హైదరాబాదు పోయినం, తర్వాత ఫోనులో వీడియో ద్వారానే నేర్పించినారు. థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో శాశ్వతమైన అఫేసియాను పేరు పెట్టి చేర్చినారు. కావున సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షను పనికివచ్చేవారికి నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలె. మేము నాటు మందు కోసం తిరిగి ఆ సమయం పోగొట్టుకున్నం.

మా ఇంట్లో చేసుకున్న బొమ్మల పుస్తకం తెచ్చినాను. ఉప్పు, చక్కెర పక్కపక్కనే ఉన్నవి. కార్యదర్శిగారి దగ్గర పెడుతున్నాను, కావలసినవారు జిరాక్సు తీసుకోండి. అసలు మాత్రం సాయంత్రంలోగా నాకు ఇప్పించాలె. పొద్దున బయలుదేరుతుంటే "పుస్తకం... మళ్ళ... తే" అన్నది.

సెలవు.