దరఖాస్తు నింపే ముందు



షోలాపూర్‌లో మనల్ని మిల్లుకో, పవర్‌లూమ్ షెడ్డుకో పంపిన రోజు "నీకేం ఇష్టం?" అని ఎవరూ అడగలేదు. మన పిల్లల్ని మనమైనా అడుగుతున్నామా? పక్కింటబ్బాయి కంప్యూటర్ కోర్సులో చేరాడని మనమూ అదే రాయిస్తున్నాం.

మహారాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో దరఖాస్తులో రాసే కాలేజీల వరుసే కీలకం. మొదటి రౌండులోనే మొదట రాసిన సీటు వస్తే అదే ఖాయం; తర్వాతి రౌండ్లకు వెళ్లే వీలుండదు. అందుకే ఆ మొదటి పేరు బిడ్డ కోరినదే కావాలి.

పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసినవారు కూడా నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఫీజు, హాస్టలు, బస్సు ఖర్చు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునే లెక్క వేద్దాం. కుల ధ్రువపత్రం, దాని పరిశీలన పత్రం ఆలస్యమైతే రిజర్వేషన్ సీటు చేజారుతుంది. ఇప్పుడే కదులుదాం.

మనకు దొరకని ఎంపిక మన పిల్లలకైనా దక్కనిద్దాం!